ఎండ తాళం

ఎండంటే మా గోదావరి జిల్లాల్లో ఎవరికీ గౌరవం లేదు. వడియాలు ఆరడానికి, మావిడికాయ ముక్కల తడి పోవడానికి తప్ప దానితో ఎవరికీ పని పడదు. ఏప్రిల్ వచ్చిందంటే తిట్టుకోవడం, గొడుగు వెతుక్కోవడం. ఊరికే దొరికేదానికి విలువెవరిస్తారు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత ఉండనే ఉంది. ఆ పెరటి చెట్టుతోనే వైద్యం చేసి చూపిస్తానని పంతం పట్టింది డాక్టర్ హైమవతి. చూపించింది కూడా. ఆవిడ ఓడిపోయింది అక్కడ కాదు.

కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రయోగశాలలో హైమవతి సగం జీవితం ఒకే ఒక్క వైరస్‌తో గడిచిపోయింది. హెపటైటిస్ బి. ఆవిడకో అన్న ఉండేవాడు, విశ్వం. నలభై దాటీ దాటకుండానే అతన్ని మింగేసింది అది. కాలేయంలో చేరి, ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా కూర్చుని, ఒకరోజు పొట్టలో నీరుగా, కళ్ళలో పచ్చదనంగా బయటపడింది. బయటపడేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. పన్నెండో రోజు కర్మలు అయ్యాక ఇంట్లో అందరికీ రక్తపరీక్షలు చేయిస్తే వదిన మాణిక్యానికి లేదు గానీ, రెండో తరగతి చదువుతున్న కూతురు ప్రణతికి ఉందని తేలింది. తండ్రి గెడ్డం గీసుకున్న బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కుకునేదిట ఆ పిల్ల. దానివల్లే వచ్చిందో, మరోలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"దీన్ని కూడా తినేస్తుందా హైమా అది?" అని అడిగింది మాణిక్యం, పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని.

"నేనుండగా తిననివ్వను వదినా," అంది హైమవతి.

డాక్టర్లు అనకూడని మాట అది. ఆడపడుచు కాబట్టి అనేసింది. ఆ మాట నిలబెట్టుకోడానికే పద్దెనిమిదేళ్ళు ఎలుకల గదిలో కూర్చుంది.

మందులు లేకపోలేదు. రోజూ మాత్ర మింగితే వైరస్ పెరగకుండా అణిగి ఉంటుంది. మానేస్తే మళ్ళీ లేస్తుంది. ఎందుకంటే దాని విత్తనం, చిన్న ఉంగరంలాంటిది, కాలేయ కణం నడిమధ్యలో దాక్కుని ఉంటుంది. ఏ మాత్రా దాని దాకా వెళ్ళదు. ఇక రోగుల రక్తంలో డి విటమిన్ తక్కువున్నప్పుడు వైరస్ ఎక్కువుంటుందని చాలామంది గమనించారు. వైరస్సే విటమిన్‌ని తగ్గిస్తోందని కొందరూ, విటమిన్ తగ్గడం వల్లే వైరస్ రెచ్చిపోతోందని కొందరూ, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు వాదించుకుంటూనే ఉన్నారు. హైమవతి ఆ వాదనలోకి దిగలేదు. రెండింటికీ లంకె ఉందా లేదా, ఉంటే దాన్ని తాడులా వాడుకోవచ్చా అని చూసింది.

ఒక ఉదయం తోటి శాస్త్రవేత్త ఫణీంద్రని ఎలుకల గదిలోకి లాక్కెళ్ళింది. మనిషి కాలేయ కణాలు పెట్టిన ఎలుకలవి. కుడివైపు వరస మీద ఎండలాంటి వెలుతురిచ్చే దీపాలు వెలుగుతున్నాయి. ఎడమవైపు వరస చీకటి.

"రెండు వరసలకీ ఒకే ఇంజక్షన్ ఇచ్చేనండీ," అంది. "ఉంగరాన్ని చుట్టేసి బిగించే తాళాన్ని తయారుచేసే జన్యువు అది. ఒక్కసారి కాలేయంలోకి వెళ్ళిందంటే అక్కడే ఉండిపోతుంది. కానీ ఎండ తగిలినన్నాళ్ళే తాళం తయారుచేస్తుంది."

"మరి వైరస్?"

"దీపాల కింద సున్నా. చీకట్లో ఎప్పటిలాగే."

ఫణీంద్ర వంగి ఎలుకల్ని చూశాడు, అవేదో చెబుతాయన్నట్టు. "దీపం ఆర్పేస్తే?"

"తాళం కరిగిపోతుంది. ఎలుకల్లో రెండు వారాలు. మనిషిలో నెలా నెలన్నర పట్టొచ్చు."

అక్కడే ఇద్దరికీ వాదన వచ్చింది. తాళాన్ని డి విటమిన్ మాత్రకి కూడా పలికేలా చెయ్యమన్నాడు ఫణీంద్ర. హైమవతి ఒప్పుకోలేదు. ఎండ పడ్డప్పుడు చర్మంలో ఆ విటమిన్‌తో పాటు పుట్టే తోబుట్టువు ఒకటుంది. మాత్రలో అది ఉండదు. పట్టుబట్టి తాళాన్ని దానికే ముడేసింది.

"మాత్రకి పలికిందంటే మాత్ర అమ్మేవాడు దిగుతాడండీ. ఇవాళ పది రూపాయలంటాడు, రేపు వందంటాడు. మా అన్న ఆ ఆఖరి నెలల్లో కూడా మాత్రలు కొనలేక మధ్యలో మానేసిన మనిషి. ఎండకి రేటు పెట్టమనండి, చూద్దాం."

"ఎండ దొరకని రోజు?"

"మన దగ్గరా!" అని నవ్వేసింది.

అదే ప్రశ్న ఇంకొకాయన కూడా అడిగాడు. మనుషుల మీద పరీక్షకి అనుమతినిచ్చే సంఘంలో నార్వే నుంచి వచ్చిన పెద్దమనిషి ఉన్నాడు. పొద్దస్తమానం కిటికీలోంచి కాకినాడ ఎండని ఆశ్చర్యంగా చూస్తూ కూర్చునేవాడు. సమావేశం చివర్లో కళ్ళజోడు తీసి, "మీ రోగులు నెలా నెలన్నర పాటు ఎండ మొహమే చూడని సందర్భం ఏదైనా వస్తుందా? మా ఊళ్ళో చలికాలమంతా అదే పరిస్థితి," అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. నవ్వినా, జవాబు మాత్రం శ్రద్ధగానే చెప్పారు. రాత్రి డ్యూటీల వాళ్ళున్నారు, ముసుగు వేసుకునే ఆడవాళ్ళున్నారు, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ళున్నారు, వీళ్ళందరికీ ఏం చెయ్యాలో ముందే ఆలోచించాం అని చెప్పారు. హైమవతి లేచి, "మాకు అన్నిటికీ కరువుంది గానీ ఎండకి లేదండీ," అంటే చప్పట్లు కూడా కొట్టారు.

ఆ గదిలో పిల్లల్ని కన్న ఆడవాళ్ళు నలుగురున్నారు. నలుగురూ పుట్టింట్లో పురుడు పోసుకున్నవాళ్ళే. తలుపులు వేసిన గదిలో, చెవుల్లో దూది పెట్టుకుని, మూడో నెల వెళ్ళేదాకా గడప దాటకుండా కూర్చుని లేచినవాళ్ళే. హైమవతైతే రెండుసార్లు కూర్చుంది. పెళ్ళాల పురుళ్ళకి చుట్టపుచూపుగా వెళ్ళి, గుమ్మం బయట నిలబడి పిల్లల్ని చూసొచ్చిన మగవాళ్ళూ ఉన్నారు. ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, అది గుర్తుకురాలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారు. జబ్బు గుర్తొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చింది, పరాయి మతం వాళ్ళ ముసుగు గుర్తొచ్చింది. తమ ఇంట్లో ఉన్నది మాత్రం వాళ్ళ కంటికి ఆచారంగా కూడా కనబడలేదు. అది మామూలు జీవితం. మామూలు జీవితం గురించి ఎవరు ఎవరికి చెబుతారు?

అనుమతి వచ్చేసింది.

చుట్టాలకి తన చేత్తో ఇవ్వకూడదు కాబట్టి ప్రణతి ఇంజక్షను ఫణీంద్ర చేతి మీదుగా జరిగింది. అప్పటికి ప్రణతి పెద్దాపురంలో ఓ బళ్ళో లెక్కలు చెబుతోంది. రెండు నెలల్లో రక్తంలో వైరస్ జాడ లేకుండా పోయింది. అన్నాళ్ళుగా మింగుతున్న మాత్రలు ఆపేశారు. మిగిలిందల్లా రోజూ పొద్దున్న పూట చేతులు పైకి మడుచుకుని కాసేపు ఎండలో నిలబడడం. దానికి 'ఎండ డ్యూటీ' అని పేరు పెట్టింది ప్రణతి. డాబా మీద నిలబడి పరీక్ష పేపర్లు దిద్దుకునేది. కింద నుంచి పక్కింటివాళ్ళు "ఏమ్మా, నువ్వు కూడా వడియాలు పెట్టేవా?" అని వేళాకోళం చేస్తే, "నేనే వడియాన్నండీ," అనేది.

పెళ్ళిచూపులకి వచ్చిన భార్గవ్‌కి దాపరికం లేకుండా అంతా చెప్పేసింది. అతను సామర్లకోట స్టేషన్లో టిక్కెట్ల గుమస్తా. అంతా విని, "ఎండలో నిలబడితే చాలా? మా స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద కప్పే లేదు, ఆరోగ్యానికి ఢోకా లేదు," అన్నాడు. ఆ మాటకే మాణిక్యానికి అల్లుడు తెగ నచ్చేశాడు.

ఏడాది తిరిగేసరికి ప్రణతి కడుపుతో ఉంది. ఏప్రిల్ నెలాఖరులో, రోళ్ళు పగిలే ఎండల్లో, ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటలోపే బిడ్డకి వేయాల్సిన టీకాలు వేశారు. తల్లిలో వైరస్ లేదు, బిడ్డకి రాదు. హైమవతి ప్రయోగశాలలో అందరికీ పూతరేకులు పంచిపెట్టింది. విశ్వాన్ని తినేసిన జబ్బు ఆ ఇంటి గడప దాటి వెనక్కి వెళ్ళిపోయిందని ఆ రోజు ఆవిడ నిజంగా నమ్మింది.

పదకొండో రోజు పురుడు చేస్తున్నారంటే పెద్దాపురం వెళ్ళింది. వీధిలో ఎండ నిప్పులు చెరుగుతోంది. బాలింత గదిలో మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా మనిషి మొహం పోల్చుకోవడం కష్టంగా ఉంది. మూల కుంపటి, సాంబ్రాణి పొగ. కిటికీలకి దుప్పట్లు కట్టారు. నులక మంచం మీద ప్రణతి తలకి గుడ్డ చుట్టుకుని, ఒళ్ళంతా పసుపుతో కూర్చుని ఉంది. నీళ్ళు పోయడానికి వచ్చే సూరమ్మ నలుగు గిన్నె సర్దుకుంటోంది.

గుమ్మంలో మాణిక్యం హైమవతి చెయ్యి పట్టుకుంది. "చూడు హైమా. అంతా బానే ఉందా? ఏదైనా మార్చాలంటే చెప్పు."

"ఏం మారుస్తాం వదినా, మహారాణిలా చూసుకుంటున్నావు," అంది హైమవతి, చంటిదాన్ని అందుకుంటూ.

"అత్తా," అంది ప్రణతి, "ఉడికిపోతున్నానే ఈ గదిలో. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిపోయిందో. ఆ కిటికీ కాస్త తియ్యమని అమ్మకి నువ్వైనా చెప్పవే."

ఆ మాట ఆవిడకి స్పష్టంగానే వినిపించింది. నార్వే ఆయన వాడిన మాట దాదాపు అదే. లోకంలో ఆ మాట వినగానే ఉలిక్కిపడాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ మనిషి అక్కడే, ఒళ్ళో పిల్లని పెట్టుకుని కూర్చుని ఉంది. కానీ ఆ క్షణంలో ఆవిడ డాక్టరు కాదు. మేనత్త.

"గాలి కొడుతుందే పిచ్చిమొహమా! పచ్చి బాలింతవి. నా రెండో పురుటికి మీ నాయనమ్మ మాట వినక ఇలాగే కిటికీ తీయించేను. ఇప్పటికీ వాన పడితే నడుం పట్టేస్తుంది," అంటూ లేచి, ఊడిపోతున్న దుప్పటి మూలని మేకుకి గట్టిగా బిగించింది. మేనకోడలి చెవిలో దూది సరిచేసింది.

గుమ్మంలో నిలబడి మాణిక్యం అదంతా చూసింది.

ఆ వారమే ఫణీంద్ర ఫోన్ చేశాడు. "ప్రణతి శాంపిల్ రావాలండీ ఈ నెల. మనిషిని పంపమంటారా?"

"రెండు నెలలు వదిలెయ్యండి ఫణీంద్రగారూ. బాలింతకి సూది గుచ్చి రక్తం తీస్తామంటే మా వదిన చీపురు తిరగేస్తుంది."

"అవునవును, నాకు తట్టనే లేదు," అన్నాడు ఫణీంద్ర. ఇద్దరాడపిల్లల తండ్రి. అతనికీ పాపం అది న్యాయంగానే తోచింది.

మే వెళ్ళింది, జూన్ వెళ్ళింది. ఊరు ఊరంతా ఎండకి మాడి మసైపోతోంది. ప్రణతి ఒంటి మీద మాత్రం దాని పొడ కూడా పడలేదు. నీరసమంది. రెండు ప్రాణాలయ్యేక నీరసం కాకపోతే ఏముంటుందన్నారు. అన్నం సయించట్లేదంది. వెల్లుల్లి కారం పత్యం ఎవరికి సయించింది గనక అన్నారు. మూత్రం ముదురు రంగులో వస్తోందంది. బాలింతకి నీళ్ళు తక్కువిస్తాం కదా, అలాగే ఉంటుందన్నారు. ఆ ఇంట్లో ప్రతి లక్షణానికీ ముందే ఒక జవాబు సిద్ధంగా ఉంది. అన్నీ ప్రేమతో చెప్పిన జవాబులే. సూరమ్మ అయితే నీళ్ళు పోస్తూ, "పసుపు భలే పట్టేసిందమ్మా ఒంటికి! కడిగినా పోవట్లేదు. బంగారు బొమ్మే!" అని మెటికలు విరిచింది.

జూన్ ఆఖరి ఆదివారం భార్గవ్ కూతుర్ని చూడ్డానికి వచ్చాడు. గదిలో చీకటిగా ఉందని ఫోనుకున్న లైటు వెలిగించి తల్లీబిడ్డల్ని ఫొటో తీశాడు. తీసి, చుట్టాల గ్రూపులో పెట్టాడు. నిమిషాల్లో దండాలు, దీవెనలు, దిష్టి తీయమని సలహాలు.

హైమవతి క్యాంటీన్లో భోజనానికి కూర్చుని ఫోను తెరిచింది. ముందు చంటిదాన్ని చూసి నవ్వుకుంది. ఫొటో పెద్దది చేసి మేనకోడలి మొహం చూసింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎంగిలి చేత్తోనే ఫోన్ కలిపింది.

"భార్గవ్, ప్రణతిని వీధి గుమ్మంలోకి తీసుకురా. వెలుతురులోకి. దాని కళ్ళు చూసి చెప్పు."

అటువైపు కాసేపు ఏవో మాటలు, మంచం కిర్రుమన్న శబ్దం. "పచ్చగా ఉన్నాయి అత్తయ్యగారూ. పసుపేమో మరి."

"కళ్ళకెవరైనా పసుపు రాస్తారయ్యా!" అని కేకేసింది హైమవతి. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు.

సాయంత్రానికల్లా కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. కడుపుతో ఉన్నప్పుడు సున్నా ఉన్న వైరస్ ఇప్పుడు కోట్లలో ఉంది. తాళం ఎప్పుడో కరిగిపోయింది. కాన్పయ్యాక ఒంటి రక్షణ బలగం కొత్తగా మేలుకుంటుంది. మేలుకుని చూసేసరికి కాలేయం నిండా శత్రువులు. దొంగల్ని పట్టుకోడానికి ఇల్లు తగలబెట్టినట్టు, అది కాలేయాన్నే కాల్చడం మొదలుపెట్టింది. ఇదంతా హైమవతికి ఎవరూ చెప్పక్కర్లేదు. చీకటి వరసలో ఎలుకలు అలాగే చచ్చిపోవడం ఆవిడ చూసింది. చచ్చిపోయినవాటిని తనే తీయించింది.

పాత మాత్రలు మొదలుపెట్టారు. ఎండలో పడుకోబెడదామంటే, రెండు నెలలు నిప్పులు కురిసిన ఆకాశం అప్పుడే మబ్బేసింది. తుఫాను గాలి, ముసురు. చేతులు కాలాక ఆకులైనా దొరకాలి కదా. హైమవతి ప్రయోగశాలకి పరుగెత్తి, ఎలుకల గదిలోంచి దీపాలు విప్పించి ఆటోలో వేయించుకుని వచ్చింది. ఆసుపత్రి మంచానికి అటూ ఇటూ తనే నిలబడి బిగించింది. ప్రణతి కళ్ళకి నల్లద్దాలు పెట్టింది.

"ఏంటత్తా, ఎండ డ్యూటీయా?" అంది ప్రణతి. మాట ముద్దగా వచ్చింది.

"అవునే తల్లీ."

"మర్చేపోయేం కదే మనం," అంది ప్రణతి. నిష్ఠూరంగా కాదు. ఏదో సరుకు తేవడం మర్చిపోయినంత మామూలుగా అంది. తర్వాత రెండు రోజులకి మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. మేనత్తని పట్టుకుని, "ఇన్విజిలేషన్ ఎవరిదండీ ఇవాళ?" అని అడిగేది.

మాణిక్యం తన కాలేయం కోసి ఇస్తానంది. పరీక్షలు చేశారు, సరిపోతుందన్నారు. కానీ అప్పటికే ప్రణతి రక్తంలో వేరే క్రిములు చేరాయి, మూత్రపిండాలు మొండికేశాయి. ఒళ్ళు కాస్త కుదుటపడితే తప్ప కత్తి పెట్టలేమన్నారు. కుదుటపడలేదు.

పదిరోజులు వెలిగాయి ఆ దీపాలు. ఫణీంద్ర రోజూ రక్తం తీసుకెళ్ళి తనే పరీక్ష చేసి తెచ్చేవాడు. వైరస్ కోట్లలోంచి లక్షల్లోకి, లక్షల్లోంచి వేలల్లోకి దిగింది. చివరిరోజు వరండాలో హైమవతికి ఎదురొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"తాళం పడిందండీ," అన్నాడు. "సున్నా. మళ్ళీ పడింది. మీరు కట్టింది కట్టినట్టు పనిచేసింది."

హైమవతి అతన్ని దాటుకుని గదిలోకి వెళ్ళింది. నర్సు దీపాలు ఆర్పుతోంది. పదినిమిషాలయిందిట. వైరస్ లేదు. అది ఉండడానికి కాలేయమూ లేదు, ఆ పిల్లా లేదు.

తాళం ఒకసారి ఊడాక కూడా మళ్ళీ పడుతుందని మనిషిలో రుజువైంది అప్పుడే. సంస్థలో దాని గురించి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు గానీ, మాట్లాడుకోకుండా ఉండలేకపోయారు. పై అధికారులు సమావేశం పెట్టారు. ఇంజక్షనులో దోషం లేదని తేల్చారు. రోగికి రోజూ ఎండలో నిలబడమని చెప్పాం, ఇంటివాళ్ళు మూఢాచారంతో చీకట్లో పెట్టారు, అని పత్రికల వాళ్ళకి చెబుదామన్నారు. పరీక్ష ఆగిపోతే దాని మీద ఆశ పెట్టుకున్న వేలమంది ఏమవుతారన్నారు. అదీ నిజమే. కడుపుతో ఉన్న మిగతా ఆడవాళ్ళకి ఫోన్లు చేయించారు: బాలింతరాళ్ళు కూడా ఎండలో నిలబడాలి. అంతే, ఒక్క వాక్యం. ఏళ్ళ తరబడి ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని రాసిన సూచనల్లో లేని ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఒక్కొక్కరికి నిమిషం పట్టలేదు.

"మీరేమంటారు హైమవతిగారూ?" అని అడిగారు.

ఆవిడ తల ఊపింది. తాను బిగించిన దుప్పటి సంగతి ఆ గదిలో ఎవరికీ తెలీదు.

మర్నాడు పత్రికల్లో పడింది. ఊరు ఊరంతా మాణిక్యం గురించే చెప్పుకుంది. చదువుకున్న పిల్లని చీకటి గదిలో పెట్టి చంపుకుందన్నారు. తామూ తమ కోడళ్ళని అలాంటి గదుల్లోనే పెట్టినవాళ్ళు, పెడుతున్నవాళ్ళు, బుగ్గలు నొక్కుకున్నారు. సూరమ్మ కూడా, "నేనప్పుడే అనుకున్నానండీ," అందిట.

వారం పోయాక హైమవతి పెద్దాపురం వెళ్ళింది. మాణిక్యం వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చంటిది. బిడ్డకి పరీక్ష చేయించారు, జబ్బు లేదు. ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది.

హైమవతి పక్కన కూలబడింది. దారంతా కూడబలుక్కున్న మాట చెప్పింది. "నీ తప్పేం లేదు వదినా. జనం ఏదో వాగుతారు."

మాణిక్యం తలెత్తలేదు. "మందు పనిచేసిందిట కదా చివర్లో. ఫణీంద్రగారు చెప్పేరు."

"పనిచేసింది."

"రోజూ ఎండలో నిలబడాలని నాకు తెలీదా హైమా? అది డాబా ఎక్కకపోతే తిట్టి పంపేదాన్ని నేనే కదా. గదిలో పెట్టిన రోజునించీ నా మనసు పీకుతూనే ఉంది. ఇదేంటి, దీనికి ఎండ తగలట్లేదే అని. అమ్మలక్కలేమో మూడో నెల దాకా కదపకూడదన్నారు. సరే, హైమ వస్తుంది కదా, డాక్టరు, ఆ మందు కనిపెట్టిందే అది, వచ్చి చూసి చెబుతుంది, అనుకున్నాను. పదకొండో రోజు దాకా నీకోసమే చూసేను."

మాణిక్యం చంటిదాన్ని ఒళ్ళో సర్దుకుంది.

"వచ్చేవు. చూసేవు. నిన్ను గుమ్మంలోనే అడిగేను కూడా. నువ్వే దుప్పటి బిగించేవు. అది చూసేక నా మనసు తేలికపడిపోయింది. హైమే కట్టిందంటే పర్లేదన్నమాట అనుకుని, ఆ రాత్రి కంటినిండా నిద్రపోయేను." మాణిక్యం చంటిదాని నోటి దగ్గర కారిన పాలు కొంగుతో తుడిచింది. "ఒక్క మాట అని ఉంటే, హైమా. ఆచారం లేదు, గీచారం లేదు, నడివీధిలో మంచం వేసి పడుకోబెట్టేదాన్ని నా బిడ్డని."

చంటిది ఏడుపు లంకించుకుంది. మాణిక్యం దాన్ని భుజాన వేసుకుని, పాలు కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది.